పాలు వద్దనే బిడ్డకు ఏమి పెట్టాలి?



గృహ దర్శనములకు వెళ్ళినప్పుడు తల్లులు మాతో చెప్పుకొనే కష్టాలలో తరచుగా వినబడేది ఒకటుంది. "అయ్యగారూ, మా వాడు పాలు త్రాగడం లేదు, ప్రార్థన చేయండి" అంటారు. జ్వరానికి, పరీక్షలకు, పొలం తగాదాలకు ప్రార్థన అడిగినట్టే దీనికీ అడుగుతారు. మేము ప్రార్థన చేస్తాము. చేసిన తరువాత చాప మీద కూర్చుని, "మరి ఏమి తింటున్నాడమ్మా?" అని కూడా అడుగుతాము. ఈ రెండవ ప్రశ్న మేము వేదాంత పాఠశాలలో నేర్చుకున్నది కాదు, మా ఇంట్లో నేర్చుకున్నది. అందుచేత ఈ నెల దాని గురించి వ్రాస్తున్నాము.

మాకు ముగ్గురు పిల్లలు. పెద్దవాళ్ళిద్దరూ పాలకు ఎన్నడూ పేచీ పెట్టలేదు. మూడవది ఆడపిల్ల, 2021 జూలైలో పుట్టింది. పధ్నాలుగు నెలల వరకు తల్లిపాలు త్రాగింది. 2022 సెప్టెంబరులో మా శ్రీమతికి టైఫాయిడ్ వచ్చి రెండు వారాలు మంచాన ఉంది. ఆ జ్వరంలో పాలు ఇంకిపోయాయి. ఆమె లేచి తిరిగేసరికి బిడ్డ రొమ్ము మరచిపోయింది. ఇక గేదె పాలు అలవాటు చేయాలి కదా అని గ్లాసు పట్టుకుంటే, ఆ గ్లాసును చూడగానే మూతి బిగించి తల అటు త్రిప్పేది. గోరువెచ్చగా ఇచ్చాము, చల్లగా ఇచ్చాము, పటికబెల్లం కలిపి ఇచ్చాము, పసుపు వేసి ఇచ్చాము. అన్నయ్య గ్లాసులో పోసి ఇచ్చాము. ఒక గుక్క నోట్లోకి పోతే రెండు గుక్కలు మా బట్టల మీద పడేవి.

మేమున్నది పాడి ఉన్న ఊరు. 2022 ఏప్రిల్ వరకు గుంటూరు జిల్లాలో ఉండి, ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరిన కాలువ ప్రక్క పల్లె. ఇంటింటా గేదె, సందు సందునా పాలకేంద్రం క్యాను. అలాంటి ఊళ్ళో పాస్టరుగారి పిల్ల పాలు త్రాగదంటే అది ఊరి వార్త. ఇస్సాకు పాలు మానినప్పుడు తండ్రి విందు చేసినట్టు ఆదికాండంలో చదువుతాము. మన ఇళ్ళల్లో బిడ్డ పాలు మానితే విందు జరగదు, విచారణ జరుగుతుంది. విచారణలో ముద్దాయి ఎప్పుడూ తల్లే. "నీకు జ్వరం వచ్చినప్పుడే అలవాటు చేసి ఉంటే...", "నువ్వు గట్టిగా పట్టుబట్టడం లేదు...", "మా కోడలైతే ఈపాటికి..." అంటూ వచ్చినవారల్లా ఒక మాట వేసి వెళ్ళేవారు. జ్వరంతో ఆరు కిలోలు తగ్గి, నిలబడితే కళ్ళు తిరుగుతున్న మనిషి ఆ మాటలన్నీ నిలబడే వినేది.

మా అమ్మగారు అప్పుడు మా దగ్గరే ఉన్నారు. ఆమె ఐదుగురిని కని పెంచిన మనిషి. "ఒళ్ళో పడుకోబెట్టి, ఉగ్గుగిన్నెతో గొంతులో పోస్తే అదే మ్రింగుతుంది, మిమ్మల్ని అలాగే పెంచాను" అన్నారు. పెద్దల మాట త్రోసివేయకూడదు. అయితే ఏడుస్తున్న బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే పొలమారి పాలు ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం నిజంగా ఉన్నది. పైగా నోరు తెరిస్తే ఏదో పోస్తారన్న భయం ఒకసారి పుడితే, ఆ బిడ్డ అన్నానికి కూడా నోరు తెరవదు. మేమిద్దరము ఒక రాత్రి ఆలోచించుకుని, అమ్మగారి దగ్గర ఆ ఉగ్గుగిన్నె తీసుకుని, పిల్లను నిటారుగా కూర్చోబెట్టి, దానితో రాగి జావ పెట్టాము. చప్పరించి త్రాగింది. అమ్మగారి ఉగ్గుగిన్నె గెలిచింది, మాకూ గొడవ తప్పింది.

అక్టోబరులో బిడ్డను పట్టణంలోని పిల్లల డాక్టరుగారికి చూపించాము. ఆయన ముందు బరువు తూచి, పొడవు కొలిచి, పెరుగుదల పట్టిక మీద చుక్కలు పెట్టారు. తొమ్మిది కిలోల నూరు గ్రాములు. "పాల సంగతి కాసేపు వదిలేయండి. నిన్న ప్రొద్దున లేచిన దగ్గర నుంచి ఏమేమి తిన్నదో వరుసగా చెప్పండి" అన్నారు. మా శ్రీమతి చెప్పింది. ఇడ్లీలో సగం, పప్పన్నం నాలుగు ముద్దలు, అరటిపండు ముక్క, సాయంత్రం ఎవరో ఇచ్చిన బిస్కెట్లు మూడు, రాత్రి పెరుగన్నం. డాక్టరుగారు కలం ఆపి, "పెరుగు ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?" అని అడిగారు. "మాకు పోసే పాలతోనే తోడు పెట్టుకుంటామండి." "అయితే మీ పిల్ల పాలు తింటున్నది. త్రాగడం లేదు, అంతే."

ఆ ఒక్క మాటతో మా ఇంటావిడ ముఖం మీద నెల రోజుల బరువు దిగినట్టనిపించింది. మాకు టానిక్కు ఏదీ వ్రాయలేదు. మూడు రోజులపాటు బిడ్డ తిన్నదంతా ఒక కాగితం మీద వ్రాసి తెమ్మన్నారు. ఆ కాగితం వ్రాయడం మంచి పని. తినలేదు తినలేదు అని మనం అనుకునే రోజున కూడా బిడ్డ నోట్లోకి ఎంత పోయిందో, అందులో ఎంత చెత్త ఉన్నదో అప్పుడు తెలుస్తుంది.

పాలలో ఏమున్నదని బిడ్డకు పట్టుతున్నాము? ముఖ్యముగా ఎముకలకు కాల్షియం, కండకు మాంసకృత్తులు, శక్తికి కొవ్వు, కొన్ని విటమినులు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారము ఒకటి నుండి మూడేళ్ళ బిడ్డకు రోజుకు 500 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. మాంసకృత్తులు పన్నెండు గ్రాముల ప్రాంతం. ఇది పెద్ద కొండ కాదు. ఒక కోడిగుడ్డులోనే ఆరు గ్రాముల మాంసకృత్తులున్నాయి. చిన్న గిన్నెడు పప్పు, కప్పు పెరుగు తోడైతే ఆ లెక్క సాయంత్రానికే తీరిపోతుంది. కొవ్వుకు నెయ్యో, నూనెో ఒక చెంచా అన్నంలో కలిపితే సరి. రెండేళ్ళలోపు పిల్లలకు నెయ్యి తగ్గించనవసరం లేదు.

కష్టమైనది కాల్షియమే. నూరు మిల్లీలీటర్ల పాలలో సుమారు 120 మిల్లీగ్రాములుంటుంది. అందుకే రెండు గ్లాసుల పాలు త్రాగే బిడ్డ విషయంలో తల్లికి దిగులుండదు. త్రాగని బిడ్డకు ఈ లెక్క వేరేగా కూర్చుకోవాలి. మా వంటింట్లో మేము ఇలా కూర్చాము. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములుంటుంది గనుక, ముప్ఫై గ్రాముల రాగిపిండితో కాచిన జావలో నూరు. మధ్యాహ్నం ఒక చిన్న కప్పు, రాత్రి ఒక చిన్న కప్పు పెరుగు కలిపి 240. నువ్వులు, బెల్లం కలిపి దంచిన చిమ్మిలి ఒక చిన్న ఉండలో పది గ్రాముల నువ్వులుంటే 120. పప్పులో వేసిన గుప్పెడు మునగాకులో అరవై. కలిపి చూడండి, 520 వచ్చింది. ఒక్క గ్లాసు పాలు త్రాగకుండానే.

కాగితం మీద ఉన్నదంతా ఒంటికి పట్టదు, అది కూడా చెప్పుకోవాలి. నువ్వులు, ఆకుకూరలలోని కాల్షియంలో కొంత భాగం అలాగే బయటికి పోతుంది. పాలకూర పేరులో పాలున్నాయి గాని, అందులోని కాల్షియం మన ఒంటికి దక్కేది చాలా తక్కువ. మునగాకు అంతకంటే ఎంతో మేలు, పైగా మన ఊళ్ళల్లో కొనే పని కూడా లేదు, పెరటి గోడ మీద నుంచి చేయి చాపితే చాలు. పెరుగుది పాల వంటి కాల్షియమే గనుక మేము దానికే పెద్ద పీట వేశాము. పెరుగన్నం, మజ్జిగ, మజ్జిగచారు, ఎప్పుడైనా జున్ను. పెరుగు కూడా ముట్టని బిడ్డలున్నారు. వారికి రాగి, మునగాకు ఎక్కువగా పెట్టుకోవాలి. మా సముద్రతీరపు వాళ్ళకు మెత్తళ్ళు ఉన్నాయి. ముల్లుతో సహా తినే చిన్న చేపలలో కాల్షియం దండిగా ఉంటుంది. ఎండుమెత్తళ్ళయితే ఉప్పు పోయేదాకా రెండు మూడు నీళ్ళలో కడిగి, వేయించి, మెత్తని పొడి చేసి పప్పన్నంలో చిటికెడు కలపాలి. ముల్లు ముక్క మిగలకుండా జల్లించుకోవాలి. వీటితోనూ లెక్క కుదరకపోతే డాక్టరుగారు కాల్షియం మందు వ్రాస్తారు, అందులో చిన్నతనమేమీ లేదు.

మరొక సంగతి. ఏడాది నిండిన తరువాత బిడ్డల ఆకలి తగ్గుతుంది. మొదటి ఏడాదిలో పుట్టిన బరువుకు మూడింతలవుతారు. రెండవ ఏడాదిలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల వేగం తగ్గినప్పుడు ఆకలి కూడా తగ్గాలి కదా! సరిగ్గా ఆ సమయంలోనే మనం గిన్నె పెద్దది చేస్తాము. ఒక రోజు బాగా తిని, మరుసటి రోజు రెండు ముద్దలతో సరిపెట్టే బిడ్డను చూసి దిష్టి తీస్తాము. అమెరికాలో ఎల్లిన్ శాటర్ అనే పోషకాహార నిపుణురాలు తల్లిదండ్రులకు ఒక పద్ధతి చెప్పింది. ఏమి పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో, ఎక్కడ పెట్టాలో పెద్దలు నిర్ణయించాలి. ఎంత తినాలో బిడ్డ నిర్ణయించుకోవాలి. మా ఇంట్లో ఇది ఆచరించడం ముఖ్యంగా మా అమ్మగారికి కష్టమైంది. "చిన్నపిల్లకు ఏమి తెలుసురా" అనేవారు. మూడు వారాల తరువాత పిల్ల తనంతట తానే గిన్నె తెచ్చి నానమ్మ ముందు పెట్టింది. ఆవిడ మరేమీ అనలేదు.

క్రొత్త పదార్థము కూడా అంతే. ఒకసారి ఉమ్మిందని మానివేస్తే అది ఇక ఎన్నటికీ అలవాటు కాదు. ఎనిమిది, పదిసార్లు కొద్దికొద్దిగా ముందుంచితే గాని చాలామంది పిల్లలు ఒప్పుకోరు. మా చిన్నదాని విషయంలో తోటకూర పప్పుకు పదకొండు రోజులు పట్టింది. మా రెండవవాడు గోడ మీద బొగ్గుతో గీతలు గీసి లెక్కపెట్టాడు గనుక మాకు ఖచ్చితంగా తెలుసు.

ఇంతలో మా సంఘంలోనే మరొక సంగతి జరిగింది. ఆ తల్లి అనుమతితో వ్రాస్తున్నాము. ఒకటిన్నర ఏళ్ళ బాబు, బొద్దుగా, తెల్లగా ఉండేవాడు. రోజుకు లీటరుకు పైగా పాలు, అవీ సీసాతో. అన్నం దగ్గరకు రానిచ్చేవాడు కాదు. "బిడ్డంటే వాడమ్మా" అని మా శ్రీమతికి వాడినే చూపించేవారు. ఆ బాబు ఆడకుండా ఒక మూల కూర్చోవడం, మట్టి తినడం గమనించి పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.6 అని తేలింది. ఆ తెలుపు ఆరోగ్యపు తెలుపు కాదు, రక్తం లేని పాలిపోవడం. పాలలో ఇనుము లేనట్టే లెక్క. కడుపు నిండా పాలే పోస్తే ఇనుముండే తిండికి చోటుండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో తల్లిపాలు మానిన రెండేళ్ళలోపు పిల్లల కొరకు చెప్పిన మాట ప్రకారము, గుడ్డు, మాంసము, చేప వంటివి తినే బిడ్డకు రోజుకు 200 నుండి 400 మిల్లీలీటర్ల పాలు చాలును. అవి తినని బిడ్డకు 300 నుండి 500 వరకు. అంతకు మించి పోయడం వలన మేలు లేదు. ఆ బాబుకు సీసా మాన్పించి, ఇనుము మందు ఇచ్చి, మెల్లగా అన్నంలోకి దింపారు. మూడు నెలలకు 11కు వచ్చింది. ఇప్పుడు ఆదివారపు బడిలో వాడి గొంతే అందరికంటే పెద్దది.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఐదేళ్ళలోపు పిల్లలలో నూటికి అరవై ఏడుగురికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. దేశం మొత్తం మీద లెక్క ఇది. పాలు త్రాగే పిల్లలూ త్రాగని పిల్లలూ ఇద్దరూ అందులో ఉన్నారు. కనుక పాలు వద్దన్న బిడ్డ తల్లి కాల్షియం గురించి దిగులుపడుతూ ఇనుమును మరచిపోకూడదు. ఆదివారం కోడి కోసినప్పుడు కార్జం ముక్క పెద్దవాళ్ళు పంచుకోకుండా చంటివాళ్ళకు ఉడికించి మెదిపి పెట్టండి. పప్పులో నిమ్మరసం పిండితే అందులోని ఇనుము బాగా ఒంటికి పడుతుంది. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమము క్రింద ఆరు నెలలు నిండిన పిల్లలకు ఐదేళ్ళ వరకు వారానికి రెండుసార్లు ఒక్కొక్క మిల్లీలీటరు ఐరన్ సిరప్ ఇవ్వాలి. ఆశా కార్యకర్త సీసా ఇచ్చి వెళ్తే అది అటక మీద పెట్టకండి. మలం నల్లగా వస్తే భయపడవద్దు, అది మందు వలన.

ఇప్పుడు అవ్వ సంగతి చెప్పాలి.

మా సంఘంలో ఒక వృద్ధురాలున్నది. ఊరంతా అవ్వ అంటారు, మేమూ అవ్వ అనే పిలుస్తాము. ఆమెకు ఉన్నది ఒక్క గేదె. మా శ్రీమతి జ్వరం నుండి లేచిన నాటి నుంచి ప్రతి ఉదయం ఒక స్టీలు చెంబుతో పాలు తెచ్చి, "చంటిదానికి" అని గుమ్మంలో పెట్టి వెళ్ళేది. డబ్బు ఇవ్వబోతే చేయి వెనక్కి పెట్టుకునేది. ఆ పాలేమో చంటిది త్రాగదు. అవి మా టీలోకి పోతున్నవి. కేంద్రంలో పోస్తే అవ్వకు నాలుగు రూపాయలు వచ్చే పాలు అవి. ఎన్నాళ్ళని ఊరుకుంటాము? ఒక రోజు మా శ్రీమతి ఉన్నమాట చెప్పింది. "అవ్వా, పిల్ల పాలు ముట్టడం లేదు. నువ్వు రోజూ శ్రమపడి తెస్తున్నావు, మాకు బాధగా ఉంది."

అవ్వ అరుగు మీద కూర్చుండిపోయింది. చాలాసేపటికి చెప్పింది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ఆమె ఇల్లు పోయింది, పశువులు పోయాయి. ఏడాదిన్నర కొడుకును చంకనెత్తుకుని బడి మేడ మీద ప్రాణాలు దక్కించుకుంది. "పశువన్నది లేదమ్మా ఊళ్ళో. చంటోడికి చుక్క పాలు దొరకలేదు. గంజి త్రాగించాను. గంజినీళ్ళే. ఎండాకాలం రాకముందే పోయాడు." ఆ తరువాత ఎన్నో ఏళ్ళు ఆమె ఇతరుల గేదెలు కాసింది. గేదెలు కాసేవాళ్ళ ఇళ్ళల్లో పాలుండని రోజులవి. పిండిన పాలు ఆసామి ఇంటికో, పాలకేంద్రానికో పోయేవి. తనకంటూ ఒక గేదె కొనుక్కునే నాటికి త్రాగే వయసు పిల్లలు ఆమె ఇంట్లో లేరు.

ఆ బిడ్డ కేవలం పాలు లేకనే పోయాడా? ఉప్పెన తరువాత మురుగు నీళ్ళు, విరేచనాలు, తిండిగింజ దొరకని నెలలు. గంజినీళ్ళలో బియ్యపు పిండి తప్ప మరేమీ లేదు, పప్పు లేదు, గుడ్డు లేదు, నూనె చుక్క లేదు. మాకు తెలిసిన ఈ శాస్త్రమంతా ఆ అరుగు మీద మేము ఎత్తలేదు. నలభై అయిదేళ్ళుగా ఒక తల్లి మోస్తున్న దానికి మేము సవరణ చెప్పేదేముంటుంది? మా శ్రీమతే ప్రక్కన కూర్చుని, "అవ్వా, పాలు కాకుండా నీ చేత్తో తోడు పెట్టి తెస్తావా? పెరుగైతే తింటుంది" అంది. అవ్వ కళ్ళు తుడుచుకుని, "పెరుగైతే తింటదా? ముందే చెప్పొద్దూ" అని విసుక్కుంది.

మరునాటి నుంచి చెంబుకు బదులు మట్టి ముంత వచ్చింది. కత్తితో కోయవచ్చు, అంత గట్టి పెరుగు. కొన్నాళ్ళకు అవ్వే దగ్గర కూర్చుని అన్నం మెదిపి, మా పిల్లకు పెట్టడం మొదలుపెట్టింది. నీళ్ళు కలిపిన మజ్జిగ కూడా అవ్వ చేతి గ్లాసుతో అయితే గటగటా త్రాగేది. అదే గ్లాసుతో మేమిస్తే త్రాగేది కాదు. దీనికి మా దగ్గర శాస్త్రమేమీ లేదు.

పాలు త్రాగడం లేదు కదా అని దానికి బదులుగా ఏది పడితే అది ఇచ్చే ఇళ్ళు చాలా ఉన్నాయి. టీ ఇస్తారు, "అందులోనూ పాలేగా" అంటారు. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు, ఆకలిని చంపుతుంది. చంటివాళ్ళకు అది వద్దే వద్దు. బిస్కెట్టు పొట్లం పది రూపాయలకు దొరుకుతుంది గాని, అది తిన్న బిడ్డ పప్పన్నానికి రాదు. పాలలో కలిపే రుచుల పొడుల డబ్బాల మీద బొమ్మలు చూసి వందలకు వందలు పోస్తున్నారు. వాటిలో చాలావాటిలో ఎక్కువ భాగం చక్కెరే. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ అటువంటి పానీయాలను ఆరోగ్య పానీయాలన్న పేరు క్రింద అమ్మవద్దని ఆన్‌లైన్ అంగళ్ళకు చెప్పింది. ఆ డబ్బా ఖరీదుతో నెలకు సరిపడా గుడ్లు వస్తాయి.

గుడ్డు, చేప, మాంసము తినని కుటుంబాలు కూడా ఈ పత్రిక చదువుతున్నారని మాకు తెలుసు. మీ బిడ్డ పాలు, పెరుగు రెండూ మానివేస్తే కొంచెం ఎక్కువ జాగ్రత్త కావాలి. విటమిన్ బి 12 అన్నది పప్పులలో, ఆకుకూరలలో, ధాన్యాలలో దొరకదు. అటువంటి బిడ్డకు దాన్ని మందు రూపంలో ఇవ్వవలసి రావచ్చు. డాక్టరుగారిని అడగండి, ఆలస్యం చేయకండి.

ఇష్టం లేక వద్దనడం వేరు, ఒంటికి సరిపడక వద్దనడం వేరు. పాలు పడిన ప్రతిసారీ దద్దుర్లు, వాంతి, పిల్లికూతలు, మలంలో రక్తపు జీర కనబడితే అది పాలలోని మాంసకృత్తులు పడకపోవడం కావచ్చు. అప్పుడు పెరుగు కూడా పెట్టకుండా ముందు వైద్యుడికి చూపించాలి. విరేచనాలు పట్టి తగ్గిన తరువాత కొన్ని రోజులు పాలు అరగకపోవడం మామూలే, అది దానంతట అదే సర్దుకుంటుంది. పెరుగులో ఆ పాలచక్కెర కొంత తగ్గి ఉంటుంది గనుక చాలామందికి అది పడుతుంది. ఇక బరువు రెండు మూడు నెలలు వరుసగా పెరగకపోయినా, తగ్గినా, బిడ్డ నీరసించి ఆడకపోయినా ఇరుగుపొరుగు వైద్యం వద్దు.

బరువు తూచడానికి పట్టణం పోనవసరం లేదు. 1975 నుండి నడుస్తున్న అంగన్‌వాడీలు మన ఊళ్ళల్లో ఉన్నాయి. టీచరమ్మ దండ చుట్టూ టేపు పెట్టి కూడా చూస్తుంది. పన్నెండున్నర సెంటీమీటర్లకు తక్కువ ఉంటే జాగ్రత్తపడాలి, పదకొండున్నరకు తక్కువైతే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడ ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి. పాల గ్లాసును చూస్తే ఏడ్చే పిల్లలు దాన్ని లడ్డూలా చేసి ఇస్తే తింటున్నారని మా టీచరమ్మ చెప్పింది. కొందరు ఆ పొట్లాన్ని గేదె కుడితిలో కలుపుతున్నారని కూడా చెప్పింది. ఆ గేదె పాలు మళ్ళీ బిడ్డకే పడుతున్నారు కాబోలు!

మా చిన్నదానికి 2025 జూలైలో నాలుగేళ్ళు నిండాయి. పదిహేను కిలోల రెండు వందల గ్రాములు. గ్లాసు పాలు ఈనాటికీ త్రాగదు. చిమ్మిలి డబ్బా ఎక్కడ దాచినా కనిపెడుతుంది.

స్త్రీల సమాజము వారు మా ఇంటి జావ పొడి ఎలా చేస్తామో వ్రాయమన్నారు. అర కిలో రాగులు కడిగి ఒక రాత్రి నానబెట్టి, మరునాడు తడి గుడ్డలో మూటకట్టి, మొలక వచ్చాక నీడన ఆరబెట్టి, సన్నని సెగ మీద వేయించుకోవాలి. మొలక రప్పిస్తే అందులోని ఇనుము, కాల్షియం బాగా ఒంటికి పడతాయి, జావ కూడా పల్చగా జారుతుంది. పావు కిలో పెసరపప్పు, నూరు గ్రాముల నువ్వులు, నూరు గ్రాముల వేరుశనగపప్పు దేనికది విడిగా వేయించి, అన్నీ చల్లారాక కలిపి మెత్తగా పట్టించాలి. వేరుశనగ, నువ్వులు బిడ్డకు మొదటిసారి అయితే ఒక్కొక్కటి విడిగా చిటికెడు పెట్టి రెండు మూడు రోజులు చూసుకోండి. వేరుశనగ గింజ గింజగా మాత్రం పసివాళ్ళ చేతికి ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడుతుంది. రెండు పెద్ద చెంచాల పొడి చల్లని నీళ్ళలో కలిపి, పొయ్యి మీద పెట్టి ఉండ కట్టకుండా త్రిప్పుతూ ఐదారు నిమిషాలు ఉడికించి, కొంచెం బెల్లం, అర చెంచా నెయ్యి వేయండి. బెల్లం లేకుండా మజ్జిగ కలిపినా బాగుంటుంది. పొడి ఒకేసారి ఎక్కువ చేయవద్దు. నువ్వులు, వేరుశనగ ఉన్నవి గనుక పదిహేను రోజులు దాటితే నూనె వాసన వస్తుంది.